రాయకుండా వదిలిన లారీ

మొన్న వానలో, ఖమ్మంలోని ఖానాపురం హవేలి నుంచి షేర్ ఆటోలో ఆఫీసుకు వస్తుంటే మా ముందు ఒక లారీ ఆగిపోయింది. టార్పాలిన్ కింద బీడీల తునికాకు కట్టలున్నాయి. ఎండిన ఆకు మీద వాన పడితే లేచే వగరు వాసన, డీజిలు పొగ, తడి టార్పాలిన్ వాసన కలిసి ఆటోలోకి వచ్చాయి. పక్కనున్న అమ్మాయి చున్నీతో ముక్కు మూసుకుంది. నేను గట్టిగా పీల్చాను. ఇరవై ఏళ్ళ కింద నా మొదటి ఉద్యోగం భద్రాచలం దాటాక, అడవి మొదలయ్యే చోట, ఛత్తీస్‌గఢ్ వెళ్ళే రోడ్డు మీది అమ్మకం పన్ను చెక్‌పోస్టులో. తొలకరి రోజుల్లో మా కిటికీలోంచి వచ్చే వాసన ఇదే. ఈ వాసన తగిలితే రూతమ్మ మేడమ్ గుర్తుకొస్తారు. ఆమె గుర్తుకొస్తే నా ఆలోచనలు ఒక దారిన నడవవు. ఆమె చేసినవాటిలో ఏది ఒప్పు, ఏది తప్పు, నేను చేసిన తప్పు ఎంత పెద్దది అన్నది ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు. తేలనిదాన్ని తేలనట్టే చెబుతాను.

మాది ఖమ్మంలో ఇనుప సామాన్ల దుకాణం. తాతల నాటి వ్యాపారం. మా ఇంట్లో సర్కారు ఉద్యోగం చేసినవాళ్ళు నాకు ముందు ఎవరూ లేరు. పరీక్ష రాసి జూనియర్ అసిస్టెంటుగా ఎంపికయ్యానని తెలిసిన రోజు మా నాన్న, మా ఇంటి మాటలో అబ్బా, మిఠాయి తెచ్చారు. ఏ శాఖో చెప్పాక మిఠాయి పొట్లం మూసి పక్కన పెట్టారు. పన్ను ఆఫీసు వాళ్ళంటే ఆయనకు మంట. నెల నెలా పన్ను కట్టి రిటర్న్ ఇవ్వడానికి వెళ్ళి వచ్చిన రోజున అన్నం ముందు కూర్చుని కూడా వాళ్ళను తిట్టేవారు. ఇప్పుడు కూతురే ఆ మందలో చేరింది. చివరికి, ఆడపిల్ల కష్టపడి తెచ్చుకున్న కొలువు కదా అని ఆయనే బస్సెక్కించారు.

చెక్‌పోస్టులో రూతమ్మ మేడమ్ సీనియర్ అసిస్టెంటు. నలభై అయిదేళ్ళుంటాయి. నేత చీర, చేతికి మగవాళ్ళ గడియారం. పెళ్ళి చేసుకోలేదు. భద్రాచలంలో ముసలి తల్లితో ఉండేవారు. ప్రతి ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులు చెక్‌పోస్టుకు. ఆ దారిలోని చెక్‌పోస్టు ఉద్యోగులందరి సంఘానికి ఆమె కార్యదర్శి. నేను చేరిన వారంలోనే ఒక కోయ ముసలామె నెత్తిన చింతపండు గంపతో వస్తూ, మా గేటు చూసి రోడ్డు దిగి అడవిలోంచి చుట్టు తిరిగి పోబోయింది. మేడమ్ బయటికెళ్ళి ఆమె భాషలో ఏదో చెప్పారు. నెత్తి మీది గంపకు పన్ను లేదని, రోడ్డు మీదే పొమ్మని చెప్పారట. ముసలామె విని, తలూపి, మళ్ళీ అడవిలోంచే పోయింది. మేడమ్ వచ్చి కుర్చీలో కూర్చుని, "కట్టే పని లేనోళ్ళకు భయం. కట్టాల్సినోళ్ళకు లేదు. గదే మన కొలువు బిడ్డా," అన్నారు. నాకు సగమే అర్థమైంది.

సంఘంలో చేరమని ఆమె నన్ను ఒత్తిడి చేయలేదు. నేనే అడిగాను, అందులో ఏముందని. అబ్బా దృష్టిలో సంఘమంటే పని ఎగ్గొట్టేవాళ్ళ గుంపు. అదే మాట కొంచెం మెత్తగా మార్చి అన్నాను. మేడమ్ నన్ను చెక్‌పోస్టు వెనక్కి తీసుకెళ్ళి, రేకుల కప్పున్న చిన్న గది చూపించారు. అది ఆడవాళ్ళ మరుగుదొడ్డి. ఆమె వచ్చిన కొత్తలో అది లేదట. ఆమె, ఊడ్చే మనిషి లచ్చమ్మ ఇద్దరూ పగటి పూట చెట్ల చాటుకు పోయేవారట. కట్టించమని మూడు అర్జీలు పెట్టుకుంటే నిధులు లేవని మూడుసార్లూ ఒకటే జవాబు. "ఆ మూడు నా ఒక్కదాని పేరు మీద పోయినై. నాలుగోది పన్నెండు మంది పేర్ల మీద పోయింది. కాగితంల మాటలు గవే. కింద సంతకాలే మారినై," అన్నారు. రెండు నెలల్లో గది లేచిందట. ఆ గది వాడుకుంటూ సంఘం చందా కట్టకుండా ఉండడం నాకు సిగ్గనిపించింది. అయినా అబ్బా మొహం గుర్తొచ్చి మరో ఏడాది కట్టలేదు.

ఆ క్రిస్మస్‌కు ఆమె నన్ను ఇంటికి పిలిచారు. తమ్ముడు ప్రసాద్ కంపెనీ కారులో వచ్చాడు. ఖమ్మం దగ్గర ఒక పెద్ద నిర్మాణ కంపెనీలో అతను మేనేజరు. అక్క జీతానికి అతని జీతం అయిదు రెట్లని వాళ్ళమ్మ గొప్పగా చెప్పింది, మేడమ్ ముందే. మేడమ్ నవ్వి కూర వడ్డించారు. ఆ రోజుల్లో మా జీతాల సవరణ ఏళ్ళ తరబడి ఆగి ఉంది. సంఘాలు సమ్మె నోటీసు గురించి మాట్లాడుకుంటున్నాయి. ప్రసాద్ దాన్ని ఎగతాళి చేశాడు. తమ దగ్గర సంఘాలూ లేవు, జెండాలూ లేవన్నాడు. జీతం పెరగాలంటే తిన్నగా సారు గదిలోకి పోయి అడుగుతాడట, అంతేనట.

"ఒక్కనివే పోతవ్ కదరా లోపలికి," అన్నారు మేడమ్. "రేపు పొమ్మంటే గూడ ఒక్కనివే రావాలె బయటికి."

అతను కోపం తెచ్చుకోలేదు. చేయి కడుక్కుంటూ నిదానంగా అన్నాడు: "మా కొత్త ఫ్యాక్టరీకి సర్కారే పన్ను వాయిదా ఇచ్చింది, కొన్నేండ్ల దాంక కట్టుడే లేదు. నీ జీతం పెంచనీకి పైసలు లేవంటున్నది గూడ గదే సర్కారు. మరి నువ్వు గా అడివిల ఎవరి కోసం కావలి కాస్తున్నవక్కా?"

నేను ఆమె మొహంలోకే చూస్తూ కూర్చున్నాను, ఏదో ఒకటి అంటారని. ఆమె లేచి వాళ్ళమ్మకు మందు ఇవ్వడానికి లోపలికి పోయారు. ఆ సాయంత్రం బస్సులో నాకు ప్రసాద్ మాటే సరైందనిపించింది. మర్నాడు మరుగుదొడ్డి తలుపు తీస్తుంటే మేడమ్ మాటే సరైందనిపించింది.

ఎండాకాలానికి సమ్మె వచ్చింది. సమ్మెకు పది రోజుల ముందు నేను చందా కట్టాను. ఎందుకు కట్టానో గట్టిగా చెప్పలేను. అందరూ టెంటు కింద కూర్చుంటే నేనొక్కదాన్నే లోపల కూర్చోలేక కావచ్చు. మేడమ్ రసీదు రాసి, నా పేరు స్పెల్లింగు రెండుసార్లు అడిగి సరిచూసుకుని ఇచ్చారు.

చెక్‌పోస్టు ఎదురుగా రోడ్డుకు అటు పక్క టెంటు వేశాం. ఆపే మనిషి లేడు గనక గేటు కర్ర ఎత్తి కట్టేశారు. లారీలు వేగం తగ్గించకుండా పోతుంటే మావాళ్ళు చప్పట్లు కొట్టారు. సర్కారుకు ఎంత నష్టమైతే అంత జల్దీ చర్చలకు పిలుస్తుందని అందరి నమ్మకం. అప్పుడు మేడమ్ సంచీలోంచి ఒక పొడుగు నోటు పుస్తకం తీసి, పోతున్న ప్రతి లారీ నంబరూ, టైమూ, కంటికి కనిపించే సరుకూ రాయడం మొదలుపెట్టారు. అధ్యక్షుడు వెంకటేశ్వర్లు గారు మొదట అర్థం కాక చూశారు. తర్వాత దగ్గరికొచ్చి, సమ్మెలో ఉండి డ్యూటీ చేస్తున్నావేందమ్మా అని అడిగారు. తాను ఎవరినీ ఆపడం లేదని, ముద్ర కొట్టడం లేదని, చూసింది రాసుకుంటున్నానంతేనని ఆమె చెప్పారు. ఆయన వదల్లేదు. నష్టం లేకుంటే సర్కారు దిగిరాదని, ఆ నష్టాన్ని ఆమె తగ్గిస్తున్నదని అన్నారు. అందులో తప్పేమీ లేదని నాకనిపించింది.

"పోయేది మంత్రుల జేబులకెళ్ళి అయితే నేను గూడ చప్పట్లు కొడుదును అన్నా," అన్నారు మేడమ్. "మనం జీతం పెంచమని అడిగేది గా పన్నులకెళ్ళే కద. పని బందు పెడ్తనన్న. కండ్లు మూసుకుంట అనలే."

అది విన్నాక ఇది కూడా తప్పు కాదనిపించింది. వెంకటేశ్వర్లు గారు దూరంగా పోయి కూర్చున్నారు. ఆయన వెనక ఒక్కొక్కరే అటు జరిగారు. మేడమ్ పక్కన నేను మిగిలాను. ధైర్యంతో కాదు, ఎటు జరగాలో తోచక.

రెండో రోజు నుంచి ఒకే కంపెనీ లారీలు వరసగా రావడం మొదలైంది. మామూలు రోజున రెండు వచ్చేవి, ఇప్పుడు ఏడెనిమిది, అన్నిటి నిండా ఇనుము. అది ప్రసాద్ పనిచేసే కంపెనీ. ఆ పన్ను వాయిదా వాళ్ళ ఫ్యాక్టరీలో తయారయ్యే సరుకుకే. బయట కొన్న ఇనుమును గేటు దగ్గర చూపించి తీరాలి. మేడమ్ ఆ నంబర్లన్నీ రాశారు. రాసేటప్పుడు ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. నేనే తట్టుకోలేక, ప్రసాద్ గారికి ఇబ్బంది కాదా మేడమ్ అన్నాను. ఆమె టైము చూసి, రాసి, "అయితది," అన్నారు.

మూడో రోజు మధ్యాహ్నం వాళ్ళమ్మకు బాగాలేదని కబురొచ్చింది. ఒక గంటలో వస్తానని, పుస్తకం నా చేతికిచ్చి ఆమె వెళ్ళారు. నేను అయిదు లారీలు రాశాను. ఆరోది వంతెన దిగుతుండగానే పోల్చుకున్నాను. నీలం క్యాబిను, దాని నెత్తిన మా దుకాణం పేరు. నడిపేది యాకూబ్ చాచా, నన్ను చిన్నప్పుడు అదే లారీలో బడికి దింపినవాడు. నన్ను టెంటు కింద చూసి సంతోషంగా చేయి ఊపాడు. నేనూ ఊపాను. లారీ పోయింది. కలం కాగితం మీదే ఉంది, కదల్లేదు. అబ్బా తిట్లన్నీ చెవిలో మోగాయి. ఇన్నాళ్ళకు తప్పించుకునే దారి దొరికి ఆయన సంతోషపడి ఉంటారని, నా చేత్తో రాస్తే దుకాణానికి తాళం పడుతుందని అనుకున్నాను. తర్వాత మరో నాలుగు లారీలు వచ్చాయి. అవి రాశాను.

మేడమ్ తిరిగి వచ్చి, అన్నీ రాసినవా అని అడిగారు. రాసిన మేడమ్ అన్నాను. ఆమె పుస్తకం తీసుకుని కింది వరస నుంచి మళ్ళీ రాయడం మొదలుపెట్టారు.

సమ్మె ముగిసింది. అడిగిందంతా రాలేదు, కొంత వచ్చింది. పనిలో చేరిన రోజే మేడమ్ ఆ జాబితా పై ఆఫీసుకు పంపారు. కొన్ని నెలల తర్వాత ఆ కంపెనీ లారీల మీద ఖమ్మంలో విచారణ పెట్టారు. అప్పటికి నన్ను ఖమ్మం ఆఫీసులోకి టైపు పని మీద తీసుకున్నారు. విచారణలో ఎవరేం చెబితే అది టైపు చేయడం నా పని. ఒక పక్క కంపెనీ వకీలు, ఇంకో పక్క మేడమ్, మధ్యలో ఆఫీసరు. మూలన టైపు మిషన్ ముందు నేను.

వకీలు గొంతు పెంచే మనిషి కాదు. ఆ జాబితా నిజంగా పోయిన లారీల జాబితా కాదని, ఎంపిక చేసి రాసిందని అతని వాదన. ఆధారంగా ఒక రిటర్న్ నకలు తీశాడు. అదే రోజు, అదే దారిన, ఛత్తీస్‌గఢ్ నుంచి ఇనుము తెచ్చానని ఒక వ్యాపారి తానంతట తానే లారీ నంబరుతో సహా చూపించి పన్ను కట్టాడు. ఆ లారీ జాబితాలో లేదు. ఒకటి వదిలేస్తే ఎన్ని వదిలేశారో, లేనివి ఎన్ని చేర్చారో ఎవరికి తెలుసునని అడిగాడు. ఆ వ్యాపారి పేరు చదివాడు. అది అబ్బా పేరు.

నా వేళ్ళు ఆగిపోయాయి. ఆఫీసరు నా వైపు చూసి, టైపు చేయమ్మా అన్నారు. అబ్బా పేరు టైపు చేశాను. ఒక అక్షరం తప్పు పడింది, కొట్టేసి మళ్ళీ కొట్టాను.

ఆఫీసరు నోటు పుస్తకం తిరగేసి, ఆ గంటలో చేతిరాత వేరుగా ఉందే, ఎవరు రాశారని మేడమ్‌ను అడిగారు. ఆమె నా వైపు తిరగలేదు.

"నేనే రాసిన సార్. ఆ పూట చెయ్యి నొప్పి లేచింది. అక్షరాలు మారినై," అన్నారు.

ఆమె అబద్ధం చెప్పగా నేను విన్నది అదొక్కటే. ఆ అబద్ధాన్ని కాగితం మీద పెట్టింది నేను. నోరు తెరవాలని ఉంది. తెరిస్తే ఉద్యోగం పోతుంది, అబ్బా పేరు నలుగురి నోళ్ళలో పడుతుంది. తెరవకపోతే దెబ్బ ఆమె మీద పడుతుంది. నేను ఆ లెక్కల్లో ఉండగానే ఆఫీసరు తర్వాతి ప్రశ్న అడిగారు. నా వేళ్ళు దాన్ని కూడా టైపు చేశాయి.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అబ్బాను అడిగాను, ఆ లారీ సంగతి రిటర్న్‌లో ఎందుకు చూపించావని. సమ్మె కదా, ఎవరూ ఆపలేదు కదా అన్నాను. ఆయన నన్ను వింతగా చూశారు.

"తిట్టుడు వేరు బేటీ, కట్టుడు వేరు," అన్నారు. "ఆపెటోడు లేడని ఎగ్గొడ్తమా?"

నేను ఆ నంబరు రాసి ఉంటే ఆయనకు ఏ నష్టమూ లేదు. జాబితా నిలిచేది. నా తండ్రిని నేను దొంగ అనుకున్నాను, అందుకే వదిలేశాను. ఆయన దొంగ కాదు గనకనే జాబితా కూలింది. ఈ మాట ఆయనకు చెప్పే ధైర్యం ఆయన బతికున్నన్నాళ్ళూ రాలేదు.

జాబితాను పక్కన పెట్టేశారు. సమ్మెలో ఉండి అధికారం లేకుండా రికార్డు రాసినందుకు మేడమ్‌కు ఇంక్రిమెంటు ఆపి, సత్తుపల్లికి బదిలీ చేశారు. ఆమె తరఫున ఎవరైనా మాట్లాడాలంటే సంఘమే మాట్లాడాలి. సమ్మెను నీరుగార్చిందని సంఘం అప్పటికే ఆమెను కార్యదర్శి పదవి నుంచి తీసేసింది. పన్నెండు సంతకాలు పెట్టించిన మనిషికి ఈసారి అండగా ఒక్క సంతకం కూడా లేదు. నాదీ లేదు. అక్క రాసిన ఆ జాబితా కారణంగా ప్రసాద్‌ను కంపెనీ ఒక రోజు గదిలోకి పిలిచి, రేపటి నుంచి రావద్దంది.

ఆమె సామాను సర్దుకునే ఆదివారం నేను భద్రాచలం వెళ్ళాను. చర్చి నుంచి వచ్చి, గిన్నెలు గోనె సంచిలో పెడుతున్నారు. ప్రసాద్ గడపలో కూర్చుని వాళ్ళమ్మ మంచానికి నవారు విప్పుతున్నాడు. నన్ను పలకరించాడు, కోపంగా ఏమీ లేడు. నేను వంటగదిలోకి పోయి, మేడమ్ పక్కన కూర్చుని, రాయకుండా వదిలిన మా లారీ సంగతి చెప్పాను. ఆమెకు తెలుసు. వకీలు మీ నాయిన పేరు చదివినప్పుడే మిషన్ ఆగింది గదా బిడ్డా అన్నారు.

మరి నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చందా కట్టిన మనిషివి నువ్వు," అన్నారు. "సంఘం అంటే ముందుగాల గదే."

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. గిన్నె తుడిచి సంచిలో పెడుతూ మళ్ళీ అన్నారు. "నువ్వు మీ నాయిన కోసం వదిలిపెట్టినవ్. నేను మా తమ్మున్ని వదిలిపెట్టక రాసిన. మళ్ళ నీ కోసం అబద్ధం ఆడిన. ఏది కరెక్టో నాకు తెల్వదు. తెలుసనుకొనే చేసిన, ఇప్పుడు తెల్వదు." ఆ రోజుదాకా ఆమెకన్నీ తెలుసని అనుకున్నాను. సామాను ఆటోలోకి ఎక్కించాం. వాళ్ళమ్మను ప్రసాద్ ఎత్తుకుని కూర్చోబెట్టాడు.

సత్తుపల్లిలోనే ఆమె రిటైరయ్యారు. అక్కడా సంఘంలో మామూలు సభ్యురాలిగా చేరి చందా కట్టేవారని తర్వాత తెలిసింది. ఆమె పోయినప్పుడు సమాధుల దొడ్డికి వెంకటేశ్వర్లు గారు కూడా వచ్చారు. ముసలివారైపోయారు. మట్టి వేసి, అప్పట్లో ఎవరిది తప్పో ఇప్పటికీ నాకు సమజ్ కాదమ్మా అని నాతో అన్నారు. ప్రసాద్ అప్పటికే ఏదో చిన్న దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు. మేమిద్దరం ఒకే ఆటోలో బస్టాండుకు వచ్చాం.

ఇప్పుడు మా ఆఫీసు సంఘానికి కార్యదర్శిని నేను. కొత్తగా చేరిన పిల్లలు చందా కట్టడానికి వచ్చినప్పుడు రసీదు రాసే ముందు ఈ సంగతంతా చెబుతాను. నేను వదిలేసిన నంబరు గురించి, నోరు తెరవని రోజు గురించి కూడా. సంఘం గొప్పదని చెప్పడానికి కాదు. కంపెనీలు చెడ్డవనీ కాదు. ఆమె నా కోసం ఒక అబద్ధం మోశారు. దాన్ని నేను ఒక్కదాన్నే దాచుకోవడం సరి కాదనిపిస్తుంది, అంతే. విన్నవాళ్ళందరూ ఒకటే అడుగుతారు, మరి ఏం చేసి ఉండాల్సింది మేడమ్ అని. తెలియదంటాను. కొందరు అక్కడే కడతారు. కొందరు మళ్ళీ వస్తామని లేచిపోతారు. పోయినేడు ఒకమ్మాయి అట్లాగే లేచి వెళ్ళింది. మూడో రోజు పొద్దున్నే వచ్చి, చందా డబ్బు నా బల్ల మీద పెట్టి కూర్చుంది. ఎందుకని నేను అడగలేదు. పేరు ఎట్లా రాస్తావమ్మా అని మాత్రం రెండుసార్లు అడిగి, రసీదు రాసి ఇచ్చాను.